ఆరిందనుకున్న కంఫర్టర్: తెల్లాపూర్‌లో ఒక డౌన్ రజాయి కేస్

ఫిర్యాదు

నార్త్ కరోలినా నుంచి తిరిగొచ్చి హైదరాబాద్ శివారు తెల్లాపూర్‌లో ఫ్లాట్ తీసుకున్న కుటుంబం. సామానంతా కంటైనర్‌లో వచ్చింది. అందులో ఒక డౌన్ కంఫర్టర్ (బాతు నూగు నింపిన రజాయి), రెండు డౌన్ దిండ్లు ఉన్నాయి. జూన్ చివర్లో కంఫర్టర్‌ని ఇంట్లోనే వాషింగ్ మెషిన్‌లో ఉతికారు, ఇంట్లోనే డ్రయ్యర్‌లో వేశారు. మర్నాడు గాలి లాగేసే వ్యాక్యూమ్ సంచిలో పెట్టి అటకెక్కించారు. ఆగస్టులో చుట్టాలొచ్చినప్పుడు దింపి పరిచారు. ఏసీ గదిలో దాన్ని కప్పుకుని పడుకున్న పెద్దావిడ పొద్దున లేచి, "కోళ్ళగూట్లో పడుకున్నట్టుందే" అన్నారట.

ఇంటావిడ నాకు ఫోన్ చేసి రెండు విషయాలు అడిగింది. ఇది ఇక పనికొస్తుందా, పారేయాలా? పనికొచ్చేట్టయితే ఇకముందు ఇంట్లో ఉతుక్కోవచ్చా, ప్రతిసారీ బయట ఇవ్వాలా?

మా లాండ్రీ యూనిట్‌లో పెద్ద మెషిన్లున్నాయి. తెచ్చుకుని ఉతికి ఇచ్చేస్తే మొదటి ప్రశ్న తీరిపోయేది. రెండోదానికి జవాబు కావాలంటే వాళ్ళింట్లో, వాళ్ళ మెషిన్లతోనే చేసి చూడాలి. ఆమె ఒప్పుకుంది, అలాగే చేశాం. ఇలాంటి కంఫర్టర్లు ఈమధ్య నల్లగండ్ల, కొండాపూర్ వైపు నుంచి చాలానే వస్తున్నాయి, ఫిర్యాదు కూడా దాదాపు ఒకటే. ఉతకడంలో చెడిపోయినవి తక్కువ. ఆరీ ఆరకుండా మడతపెట్టి చెడగొట్టుకున్నవే ఎక్కువ.

వస్తువు

క్వీన్ సైజు, 90 అంగుళాలకు 90. పై గుడ్డ దగ్గరగా నేసిన తెల్ల నూలు. లోపల పెద్దబాతు నూగు 30 ఔన్సులు, అంటే సుమారు 850 గ్రాములు. ఫిల్ పవర్ 650 అని లేబుల్ మీద ఉంది. గళ్ళు బ్యాఫుల్ బాక్స్ రకం. పై గుడ్డనీ కింది గుడ్డనీ కలిపి నేరుగా కుట్టెయ్యకుండా, మధ్యలో సన్నటి గుడ్డ గోడలు నిలబెట్టి కుడతారు. నూగు పొంగడానికి చోటుంటుంది. అయితే తడిసి బరువెక్కినప్పుడు పట్టుకుని లాగితే మొదట చిరిగేవి ఆ గోడలే.

డౌన్ గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. బాతుకి పైన కనిపించే ఈకల కింద, పొట్ట దగ్గర మెత్తటి నూగు ఉంటుంది. దానికి ఈకకున్నట్టు మధ్యలో పుల్ల ఉండదు. ఒక చుక్క నుంచి నాలుగు దిక్కులకీ సన్నటి పోగులు విచ్చుకుంటాయి. ఆ పోగుల మధ్య నిలిచిపోయే గాలే వెచ్చదనం. ఒక ఔన్సు నూగు తేలికపాటి బరువు కింద ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతుందో చెప్పే అంకె ఫిల్ పవర్. 650 మధ్యరకం, 800 దాటితే ఖరీదైన సరుకు.

మన వెంట్రుకల్లాగే ఇదీ కెరటిన్ అనే ప్రొటీన్. అందుకే మామూలు డిటర్జెంట్‌తో దీనికి పడదు. మరకలు తినేస్తుందని ప్రకటనల్లో చెప్పే ఎంజైముల్లో ప్రొటీజ్ ఒకటి. దాని పనే ప్రొటీన్‌ని విరగ్గొట్టడం. క్లోరిన్ బ్లీచ్ ఇంకా దారుణం. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే పోగుల మీద జిడ్డు పొర పట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి, పొంగు తగ్గిపోతుంది. ఈ ఇంట్లో మొదటిసారి ఉతికినప్పుడు డిటర్జెంట్ మామూలుదే వేశారు, సాఫ్ట్‌నర్ కూడా వేశారు.

చూసినప్పుడు ఏముంది

ముందు కిటికీ వెలుతురుకి ఎదురుగా ఇద్దరం పట్టుకుని చూశాం. గళ్ళలో నూగు సమంగా పరుచుకుని ఉంటే వెలుతురు ఒకేలా మసగ్గా కనిపించాలి. ఇక్కడ చాలా గళ్ళు ఖాళీగా మెరుస్తున్నాయి, ఒక్కో మూల నిమ్మకాయంత నల్లటి ముద్ద. చేత్తో నొక్కితే ముద్ద చల్లగా తగిలింది. పై గుడ్డ మాత్రం పొడిగానే ఉంది.

వాసన దగ్గర కాస్త ఆగాలి, పారేయాలా వద్దా అన్నది తేలేది అక్కడే. తడిసిన డౌన్‌కి సహజంగానే కోడి ఈకల వాసన వస్తుంది. ఎంత మంచి సరుకైనా అంతే, పూర్తిగా ఆరగానే పోతుంది. బూజు వాసన వేరు. పాత పుస్తకాల పెట్టె తెరిచినట్టు ముక్కుకి కొడుతుంది, ఆరినా పోదు. ఇక్కడ ఎనిమిది పాళ్ళు కోడి వాసన, రెండు పాళ్ళు బూజు. వెతికితే కాళ్ళవైపు మూలలో పెసరగింజంత నల్ల చుక్కలు కొన్ని కనిపించాయి, పై గుడ్డ మీదే. ఆ గళ్ళను దగ్గరగా వాసన చూస్తే లోపలి నూగుకి బూజు పట్టినట్టు అనిపించలేదు. చుక్కలు నాలుగైదు గళ్ళకి పాకి ఉన్నా, ముద్దని నలిపితే పొడిపొడిగా రాలినా నేను పారేయమనే చెప్పేవాణ్ణి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే ఇంకా ముందే చెబుతాను.

తర్వాత ఒక గడిని అరచేయంత మేర తడిపి పిండితే సన్నటి నురగ వచ్చింది. అంటే జూన్‌లో వేసిన డిటర్జెంట్ ఇంకా లోపలే ఉంది.

ఇక బరువు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళ ఇంట్లో లగేజీ త్రాసు లేకుండా ఉండదు. ఐకియా నీలం సంచిలో కంఫర్టర్‌ని కుక్కి కొక్కేనికి తగిలిస్తే, సంచి బరువు తీసేశాక 2,440 గ్రాములు. త్రాసుని ముందుగా 2 కిలోల పిండి ప్యాకెట్‌తో సరిచూసుకున్నాం. ఒకే త్రాసుతో తేడాలు కొలుస్తున్నాం కాబట్టి ఈపాటి కచ్చితత్వం చాలు. 850 గ్రాముల నూగు, రెండువైపులా గుడ్డ, మధ్య గోడలు అన్నీ కలిపి లెక్కవేస్తే ఈ సైజుది 2,100 దాటి ఏమంత ఉండకూడదు. ఆఖరికి పూర్తిగా ఆరాక తేలిన బరువు 2,130. అంటే ముట్టుకుంటే పొడిగా ఉన్న కంఫర్టర్ లోపల పావులీటరు పైగా నీళ్ళు ఉన్నాయి.

డ్రయ్యర్ ఎందుకు ముందే ఆగింది

"అన్నా, డ్రయ్యర్ దానంతటదే ఆగిపోయిందంటే ఆరినట్టే కదా?" అని అడిగిందావిడ. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళది 8 కిలోల హీట్ పంప్ డ్రయ్యర్ (తక్కువ వేడితో నిదానంగా ఆరబెట్టే రకం), మంచి మెషినే. ఈ డ్రయ్యర్ల డ్రమ్ములో రెండు లోహపు పట్టీలుంటాయి. బట్ట వాటికి తగిలినప్పుడు తడి ఎంతుందో విద్యుత్తు పారే తీరుని బట్టి కనిపెడతాయి. చొక్కాలకీ తువ్వాళ్ళకీ అది బాగానే పనిచేస్తుంది. కంఫర్టర్‌లో పట్టీలకి తగిలేది పై గుడ్డ ఒక్కటే. అది గంటలోపు ఆరిపోతుంది, సెన్సార్ పని అయిందంటుంది. లోపలి ముద్దల సంగతి దానికి తెలిసే దారే లేదు. పైన గలగలలాడుతూ లోపల పచ్చిగా ఉన్న వడియాన్ని డబ్బాలో పోసి మూతపెడితే ఏమవుతుందో, ఈ కంఫర్టర్‌కీ వ్యాక్యూమ్ సంచిలో అదే అయింది.

రెండో కారణం చోటు. మెషిన్ మీద రాసే 8 కిలోలు మామూలు నూలు బట్టల లెక్క. 2 కిలోల కంఫర్టర్ దానికో లెక్కా అనిపిస్తుంది. కానీ 30 ఔన్సుల నూగుని 650తో గుణించి చూడండి: 19,500 ఘనపు అంగుళాలు, అంటే దగ్గరదగ్గర 320 లీటర్లు. ఆ డ్రయ్యర్ డ్రమ్ము 115 నుంచి 120 లీటర్లు. పూర్తిగా విచ్చుకోవడానికి కావలసిన చోటులో డ్రమ్ములో ఉన్నది మూడోవంతుకి కాస్త పైన, అంతే. ఆరుతున్నకొద్దీ పొంగుతుంది, పొంగినకొద్దీ డ్రమ్ములో ఇరుక్కుని తిరగడం మానేస్తుంది. అప్పుడు మధ్య భాగానికి గాలి తగలదు. మా యూనిట్‌లో 15 కిలోల డ్రయ్యర్ డ్రమ్ము 300 లీటర్లు పైనే కాబట్టి ఈ బాధ లేదు. ఇంటి డ్రయ్యర్‌తో ఆరబెట్టాలంటే దాన్ని మధ్యమధ్యలో బయటికి తీసి విచ్చుకోనివ్వాలి, వేరే మార్గం లేదు.

ఏమేం వద్దనుకున్నాం

డ్రై క్లీనింగ్‌కి ఇవ్వమని పక్క ఫ్లాట్ సలహా. మన దగ్గర చాలా చోట్ల డ్రై క్లీనింగ్‌కి వాడేది ఎం.టి.ఓ. అనే పెట్రోలియం ద్రావకం. అది జిడ్డుని బాగా తీస్తుంది. ఇక్కడున్న సమస్యలు చెమట, డిటర్జెంట్, తడి. వాటికి నీళ్ళే కావాలి. పైగా నూగులో ఉండాల్సిన సహజమైన కాస్త నూనె కూడా పోతుంది, ద్రావకం వాసన గళ్ళలో పట్టుకుని వదలదు.

పెద్దావిడ అడిగింది ఇంకోటి. "కుట్లు విప్పి ఏకించి మళ్ళీ నింపకూడదా నాయనా, మా రోజుల్లో పరుపులకి అలాగేగా చేసేది?" దూది పరుపుకైతే అంతకన్నా మంచి వైద్యం లేదు. కానీ డౌన్ ఏకేది కాదు. గడి విప్పితే ఫ్యాను గాలికే ఇల్లంతా ఎగురుతుంది. కుంకుడురసం మాట కూడా ఆవిడే ఎత్తారు. పట్టుకీ ఊలుకీ తరతరాలుగా వాడుతున్నదే కాబట్టి ఆలోచన తప్పు కాదు. తెల్ల గుడ్డకి రంగు దిగుతుందని, వడకట్టాక మిగిలే నలుసులు గళ్ళలో చేరితే తీయలేమని వద్దన్నాను.

బాల్కనీలో ఆరేస్తే? ఏప్రిల్, మే నెలల్లో అయితే నేనే డాబా మీద వేయమనేవాణ్ణి, పైన పల్చటి నూలు చీర కప్పి. ఆగస్టులో అది పనిచేయదు. ఎందుకో లెక్క చూడండి. 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి ఒక ఘనపు మీటరుకి ఇంకో 5 గ్రాముల నీటిని మాత్రమే పట్టగలదు. మే మధ్యాహ్నం 40 డిగ్రీలు, 25 శాతం తేమలో అదే గాలి 38 గ్రాములు పడుతుంది. ఏడింతల తేడా. వానాకాలం బాల్కనీలో ఎంతసేపు వేలాడదీసినా, పైన పొడి లోపల తడి అన్న స్థితిలోనే ఆగిపోవడానికి కారణం ఇదే. ఏసీ వేసి 25 డిగ్రీలు, 50 శాతం తేమకి తెచ్చిన గదిలో గాలికి 11 గ్రాములు పట్టే శక్తి ఉంటుంది. బాల్కనీ కంటే రెట్టింపు. ఇంట్లో ఉన్న ఈ సదుపాయాన్ని బట్టలారేయడానికి ఎవరూ వాడుకోరు. మేం వాడుకున్నాం.

ఉతకడం

నీళ్ళు ముందు చూసుకోవాలి. ఆ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు. టీడీఎస్ మీటర్ చూపే అంకె కఠినత్వం కాదు, దానికి చుక్కల కిట్ వేరే ఉంటుంది. దాంతో చూస్తే లీటరుకి 420 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీటికి బీఐఎస్ ప్రమాణంలో 200 దాకా మంచిదంటారు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చంటారు. 420లో సబ్బుతో ఉతికితే తెల్లటి తెట్టు కట్టి గళ్ళలో ఉండిపోతుంది. కాబట్టి సబ్బు పొడులు పక్కనబెట్టి, ఊలు బట్టలకి వాడే ఈజీ లాంటి సోడా లేని లిక్విడ్ తీసుకున్నాం.

మూలలోని చుక్కలకి మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి, దూదితో గుడ్డ పైపైన మాత్రమే అద్దాం. తెల్లగుడ్డ కాబట్టి భయం లేదు. రంగుల గుడ్డయితే ముందు లోపలి అంచున చూసుకోవాలి. అలాగే కుట్లన్నీ ఒకసారి తడిమి చూడాలి. పుల్ల ఈక ఏదైనా గుడ్డ లోంచి మొన పెట్టి ఉంటే బయటికి లాగొద్దు. లాగితే ఆ కన్నం పెద్దదై వెనకాలే నూగు వరసకడుతుంది. లోపలివైపు నుంచి పట్టుకుని వెనక్కి లాక్కుని, వేలితో కన్నాన్ని రుద్దితే మూసుకుంటుంది.

వాషింగ్ మెషిన్ 8 కిలోల ఫ్రంట్ లోడ్. మధ్యలో స్తంభం తిరిగే టాప్ లోడ్ అయితే ఇంట్లో ఉతకడానికి నేను ఒప్పుకునేవాణ్ణి కాదు, ఆ స్తంభం చుట్టుకుని లోపలి గోడలు చీలిపోతాయి. ఫ్రంట్ లోడ్‌లో కూడా పొడి కంఫర్టర్‌ని అలాగే కుక్కితే పని జరగదు. గుడ్డ దగ్గరి నేత కాబట్టి లోపలి గాలి బయటికి పోదు, బెలూన్‌లా తేలుతూ తిరుగుతుంది, నడిమికి నీళ్ళే చేరవు. అందుకని పిల్లల స్నానాల టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసి, కంఫర్టర్‌ని చుట్టగా చుట్టి ముంచి, ఒక కొస నుంచి రెండో కొస దాకా అరచేతులతో గాలి వెళ్ళేట్టు నొక్కుకుంటూ వచ్చాం. బుడగలు రావడం ఆగాక మెషిన్‌లోకి. పైన చెయ్యి దూరేంత ఖాళీ మిగిలింది. ఆ మెషిన్‌కి అదే హద్దు. కింగ్ సైజు అందులో పట్టదు, పట్టించినా శుభ్రపడదు.

మొదటి సైకిల్‌లో డిటర్జెంట్ చుక్క కూడా వేయలేదు. పాతదే లోపల ఉంది కదా. 30 డిగ్రీల్లో డెలికేట్ సైకిల్ తిప్పితే పావుగంటకల్లా అద్దం తలుపు సగం దాకా నురగ నిండింది. ఆవిడ నమ్మలేక ఫోటో తీసుకుంది. రెండో సైకిల్‌లో ఈజీ అరమూత వేశాం. ఆ తర్వాత ఎక్స్‌ట్రా రిన్స్‌లు, అద్దం మీద ఒక్క బుడగ కూడా లేదనిపించేదాకా. నాకు సైకిళ్ళ లెక్క ముఖ్యం కాదు, ఆ అద్దమే కొలత.

స్పిన్ దగ్గర ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఒకే బరువైన వస్తువు డ్రమ్ములో ఒకవైపు చేరి మెషిన్ దడదడలాడుతుంది, అన్‌బ్యాలెన్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తలుపు తీసి కంఫర్టర్‌ని డ్రమ్ము చుట్టూ కడియంలా సర్ది, ఖాళీ ఉన్నవైపు పాత తెల్ల తువ్వాళ్ళు రెండు పెడితే తిరిగింది. ముందు 800లో, తర్వాత 1000లో స్పిన్. ఇక్కడ పిండిన ప్రతి గ్లాసు నీరూ తర్వాత డ్రయ్యర్ మీద పడకుండా తప్పించినట్టే. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి 0.67 యూనిట్ల వేడి కావాలి, స్పిన్‌లో అదే నీరు దాదాపు ఉచితంగా పోతుంది.

తీసేటప్పుడు కింద నుంచి రెండు చేతులతో ఎత్తి టబ్బులోకి తీసుకున్నాం. కొస పట్టి లాగలేదు, తీగ మీద వేయలేదు. బరువు 3,760.

ఆరబెట్టడం

అసలు పని ఇక్కడుంది. బయటికి పంపాల్సిన నీరు లీటరున్నర పైచిలుకు.

బెడ్‌రూమ్‌లో ఏసీ 25లో పెట్టి, సీలింగ్ ఫ్యాన్ వేసి, మంచం మీద పరుపు తీసేసి బట్టలారేసే స్టాండు పడుకోబెట్టాం, కంఫర్టర్ కింద నుంచి కూడా గాలి ఆడేలా. డ్రయ్యర్‌లో సెన్సార్ మోడ్ వదిలేసి టైమర్ మోడ్‌లో 40 నిమిషాలు, తక్కువ వేడి. హీట్ పంప్ డ్రయ్యర్ నిదానంగా ఆరబెడుతుందని తిట్టుకుంటారు కానీ, డౌన్ విషయంలో అది మేలు. కెరటిన్ ఎక్కువ వేడికి పెళుసెక్కి తునుగుతుంది, తర్వాత గళ్ళలో దుమ్ములా మిగులుతుంది.

డ్రమ్ములో కంఫర్టర్‌తో పాటు టెన్నిస్ బంతులు మూడు. అవి ముద్దల్ని కొట్టి విడగొడతాయి. కొత్త బంతులే వాడాలి, ఒక్కోదాన్ని తెల్ల సాక్సులో వేసి ముడివేయాలి, లేకపోతే ఆకుపచ్చ రంగు తెల్లగుడ్డకి అంటుతుంది. గల్లీ క్రికెట్‌కి అమ్మే హెవీ బంతులు వద్దు. వాళ్ళబ్బాయి అవే తెచ్చాడు, డ్రమ్ము మోతకి కిందింటివాళ్ళు ఫోన్ చేశారు. ఊలుతో చేసిన డ్రయ్యర్ బంతులు దొరికితే అన్నిటికంటే మంచివి, చప్పుడుండదు.

40 నిమిషాలు కాగానే బయటికి తీసి, స్టాండు మీద పరిచి, గడి గడికీ ముద్దల్ని వేళ్ళతో విడదీయడం. ఇది ఓపిక పని. ముద్దని చిదమకూడదు, రెండు బొటనవేళ్ళతో అంచుల నుంచి విప్పుకుంటూ రావాలి. అరగంట అలా గాలికి వదిలితే లోపలి తడి నెమ్మదిగా పై గుడ్డకి వస్తుంది. అప్పుడు మళ్ళీ డ్రయ్యర్. ప్రతిసారీ డ్రయ్యర్ నుంచి తీయగానే సంచిలో వేసి తూచి గోడ మీద అంటించిన కాగితం మీద రాయడం ఆవిడ వంతు.

3,760 నుంచి మొదటి విడతలోనే 3,170కి దిగింది. తర్వాత 2,740. ఆ తర్వాత 2,480. ఇక్కడ డ్రయ్యర్‌ని కావాలనే ఒకసారి సెన్సార్ మోడ్‌లో పెట్టి చూశాం. కొద్ది నిమిషాలు తిరిగి, ఆరిపోయిందని పాట పాడి ఆగిపోయింది. జూన్‌లో జరిగింది కళ్ళముందే మళ్ళీ కనిపించింది. పై గుడ్డ వెచ్చగా, పొడిగా ఉంది. వాసన మాత్రం కోడిదే. 350 గ్రాముల నీరు ఇంకా లోపలే.

అక్కడి నుంచి వేగం పడిపోయింది. 2,330, 2,240, 2,180. చివరి 200 గ్రాములకి మొదటి లీటరు కంటే చాలా ఎక్కువ సేపు పట్టింది. చాలామంది ఓపిక పోగొట్టుకునేది ఈ చివరి మైలులోనే. మెషిన్‌లో తప్పేం లేదు. మిగిలిన నీరు ముద్దల నడుమ ఉంటుంది, అది గుడ్డ దాకా రావడానికి దానికి పట్టే సమయం దానికి పడుతుంది. ఈ దశలో డ్రయ్యర్ కంటే ఏసీ గదిలో పరచడమే ఎక్కువ పనిచేసింది. రాత్రంతా అలాగే స్టాండు మీద వదిలేశాం, గది తలుపు మూసి. పొద్దున 2,140. ఇంకోసారి అరగంట డ్రయ్యర్, 2,130. రెండు గంటలాగి తూస్తే మళ్ళీ 2,130. వరసగా తూచిన రెండుసార్లూ తేడా 10 గ్రాములు మించకపోతేనే ఆరినట్టు అని నా నియమం.

వాసన ఎప్పుడు పోయిందని అడిగితే, 2,200 దిగాక పెద్దావిడ దగ్గరగా పెట్టుకుని చూసి "ఇప్పుడు లేదు" అన్నారు. నా ముక్కు రోజూ ఈ పనిలో ఉండి మొద్దుబారింది కాబట్టి వాసన పరీక్ష ఆవిడకే అప్పగించాను.

ఒక చిక్కు చెప్పాలి. నూలుగుడ్డా, నూగూ రెండూ గాలిలోని తేమని పీల్చుకునేవే. ఏసీ గదిలో 2,130 ఉన్నది వానరోజు హాల్లో పెడితే యాభై గ్రాములు దాకా పెరగొచ్చు. అది తడి కిందకి రాదు. అందుకే తూచడం ఎప్పుడూ ఒకే గదిలో, ఒకేలాంటి గాలిలో జరగాలి. ఇంకా మంచి పద్ధతి, మేలో ఎండబెట్టిన రోజున తూచి ఆ అంకెని లేబుల్ పక్కన చెరగని పెన్నుతో రాసిపెట్టుకోవడం. తర్వాత ఎప్పుడు ఉతికినా ఆ అంకె దగ్గరికి వస్తే చాలు.

దిండ్ల సంగతి క్లుప్తంగా: రెండింటినీ కలిపి ఒకేసారి వేస్తే మెషిన్ బ్యాలెన్స్ బాధ లేదు. డ్రమ్ములో చోటు సరిపోతుంది కాబట్టి ఆరడం కూడా సులువే, కాకపోతే నడిమి భాగం మందం. తూచకుండా వదలకూడదు.

ఏం బాగైంది, ఏం కాలేదు

కోడి వాసన పూర్తిగా పోయింది. బూజు వాసన కూడా పోయింది. మూలలో చుక్కలు లేత గోధుమరంగు మచ్చలుగా మిగిలాయి, గలీబు వేస్తే కనిపించవు. మధ్య గళ్ళలో ఎత్తు స్కేలు పెట్టి కొలిస్తే ముందు రెండున్నర సెంటీమీటర్లు, ఆరాక ఐదు. కాళ్ళవైపు ఒక వరస గళ్ళు మాత్రం అంతగా పొంగలేదు. అక్కడ సాఫ్ట్‌నర్ జిడ్డు ఇంకా ఉందని నా అంచనా, ఇంకో ఉతుకులో కొంత తగ్గుతుంది. అది వచ్చే వేసవికి వాయిదా వేయమన్నాను. ఆ ఒక్క వరస కోసం ఈ తేమలో మళ్ళీ తడపడం అనవసరం.

ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. వాషింగ్ మెషిన్, డ్రయ్యర్, రాత్రంతా ఏసీ కలిపి పది, పన్నెండు యూనిట్లు అయి ఉంటాయి. ఖర్చయింది మనిషి సమయం. ఒకరు ఇంట్లో ఉండి గంటకోసారి లేచి చూసుకోగలిగిన శనివారం, ఆదివారం కావాలి. అది కుదరనివాళ్ళు ఇంట్లో మొదలుపెట్టకపోవడమే నయం. సగం ఆరిన కంఫర్టర్‌ని సోమవారం పొద్దున పట్టుకొచ్చి "మీరు కానిచ్చేయండి" అనేవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు. రాత్రంతా ముద్దలా పడి ఉంటే అప్పటికే వాసన మొదలైపోయి ఉంటుంది.

అసలు ఇంత తరచుగా ఉతకాల్సిన వస్తువు కాదిది. గలీబు వేసి, ఆ గలీబుని ప్రతి రెండు వారాలకీ ఉతికితే, లోపలిది రెండు మూడేళ్ళకోసారి ఉతికినా సరిపోతుంది. వ్యాక్యూమ్ సంచి తీసేయమన్నాను. తడి లేకపోయినా నెలల తరబడి నలిగి ఉంటే నూగు విరుగుతుంది. పాత నూలు దుప్పటిలో వదులుగా మూటకట్టి బీరువా పై అరలో పెట్టుకోమన్నాను.

రెండో ప్రశ్నకి నేనిచ్చిన జవాబు ఇది: క్వీన్ సైజు దాకా, ఈ రెండు మెషిన్లతో, ఏసీ గది ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. వీలైతే మే నెలలో పెట్టుకోండి, అప్పుడు డాబా ఎండ చాలు, డ్రయ్యర్ చివర్లో పొంగించడానికి మాత్రమే. ఆవిడ వెంటనే లోపలి గదిలోంచి ఇంకోటి తెచ్చి చూపించింది. కింగ్ సైజు, లేబుల్ మీద 750 ఫిల్ పవర్, 40 ఔన్సులు. ఆ లెక్కన విచ్చుకుంటే 490 లీటర్లు. దాన్ని మాత్రం మడతపెట్టి నా బండిలో వేసుకొచ్చేశాను.